పిడుగుకి ఏడో రోజు

కిందటి వారం కథ హెలెన్ బ్రాండ్ట్ గారి గొర్రెల దొడ్డి గేటు దగ్గర ఆగింది. మధ్యలో వచ్చి చేరినవారి కోసం అంతకుముందు జరిగింది క్లుప్తంగా చెబుతాను.

నేను న్యూజెర్సీలో ఏడో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతాను. పోయిన ఆగస్టులో మా వారు సత్యానందం గారు జంతువుల షెల్టర్ నుంచి ఒక కుక్కను తెచ్చారు. ఏడాది వయసు. నలుపూ తెలుపూ మచ్చలు, ఒక చెవి నిక్కబొడుచుకుని, ఒక చెవి వాలిపోయి ఉండేది. ఎవరో దాన్ని హైవే పక్కన పెట్రోలు బంకులో కట్టేసి వెళ్ళిపోయారట. కూర్చోమంటే కూర్చునేది, మూడు అంకెలు లెక్కపెట్టేలోపు లేచేది. ఆయన దానికి పిడుగు అని పేరు పెట్టారు. రోజూ ఆఫీసుకు వెళ్ళేముందు నది పక్క పార్కులో దానితో పాటు రెండు మైళ్ళు పరిగెత్తేవారు.

అక్టోబరు పదకొండున ఆయన పోయారు.

డిసెంబరులో ఇల్లు ఖాళీ చేసి పిస్కాటవేలోనే ఒక అపార్ట్‌మెంటుకు మారాను. అక్కడ కుక్కల్ని ఉండనివ్వరు. నాలుగు వారాలు దొంగతనంగా ఉంచుకున్నాను. జనవరిలో, మన తెలుగు చర్చి సంఘం వాళ్ళ శుక్రవారం ప్రార్థన కూటం పార్సిప్పనీలో దైవాశీర్వాదం గారి ఇంట్లో జరిగినప్పుడు, ప్రార్థన మనవులు అడిగితే, పిడుగుకి ఒక మంచి ఇల్లు దొరకాలని చెప్పాను. అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థించారు. ఆమేన్ అన్నాక దైవాశీర్వాదం గారే, "ప్రభువు మా ఇంటినే చూపిస్తున్నాడేమో" అన్నారు. కారులో నాతో వచ్చిన పిడుగు, శాశ్వతంగా ఒక చోటు దొరికేదాకా అనుకుని, ఆ రాత్రే వాళ్ళింట్లో ఉండిపోయింది.

ఆ తరవాత హెలెన్ గారి సంగతి తెలిసింది. మా స్కూలు బస్సు నడిపే ఆవిడకు అక్క. ససెక్స్ వైపు కొండల్లో ముప్ఫై గొర్రెలు పెంచుతారు. ఆవిడ పాత కుక్కకు చూపు పోయింది. "అలసిపోని కుక్క కావాలమ్మా నాకు. అలసిపోయేవాళ్ళం ఇక్కడ ఇప్పటికే ఇద్దరం ఉన్నాం," అన్నారు గేటు మీద చేతులు ఆనించి. పిడుగు ఫొటోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూశారు. తరవాత, శనివారం మధ్యాహ్నంలోగా తీసుకురమ్మన్నారు. లేకపోతే ఆదివారం పెన్సిల్వేనియా వెళ్ళి మరో కుక్కను తెచ్చుకుంటానన్నారు. ఈనే కాలం దగ్గరపడింది, ఇంకా ఆగలేనన్నారు.

పిడుగు పుట్టింది అలాంటి చోటు కోసమేనని ఆ గేటు దగ్గర నిలబడి నాకు అనిపించింది. అక్టోబరు తరవాత నాకు ఒక విషయం నచ్చడం అదే మొదటిసారి.

ఇక మార్చి ఎనిమిదో తేదీ, శుక్రవారం.

మూడుంపావుకు పార్సిప్పనీ చేరాను. ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి చెప్పే వచ్చాను. పిడుగుకి శాశ్వతంగా ఒక ఇల్లు దొరికింది, రేపు స్కూలు అయ్యాక వచ్చి తీసుకువెళతాను అన్నాను. దైవాశీర్వాదం గారి భార్య ప్రేమజ్యోతి ఒక్క క్షణం ఆగి, "రండక్కా, భోజనానికి ఉండాలి మరి" అంది.

తలుపు తట్టకముందే తెరిచింది.

"వందనాలక్కా. రండి రండి. టూ ఎయిటీ సెవెన్ హైవే మీద ట్రాఫిక్ ఎలా ఉంది?"

"వందనాలు. పరవాలేదు. పిడుగేదీ?"

"ముందు కూర్చోండి. చలిలో అంతదూరం డ్రైవ్ చేసుకుంటూ వచ్చారు. టీ పెట్టనా, ఏకంగా భోంచేస్తారా?"

మధ్యాహ్నం మూడుంపావుకు భోజనమేమిటని నేను అనలేదు. బల్ల మీద కోడి పలావు ఉంది. గుడ్ల కూర, పెరుగు పచ్చడి, గారెలు ఉన్నాయి. మామూలు శుక్రవారంనాడు ఒక్కదాని కోసం ఎవరూ అంత వంట చెయ్యరు. సోఫాలో దైవాశీర్వాదం గారు టై కట్టుకునే కూర్చుని ఉన్నారు. ఆయన మందుల కంపెనీలో కెమిస్టు. ఆరింటికి ముందు ఎన్నడూ ఇల్లు చేరరు.

"ఆఫీసు లేదా అండీ?"

"హాఫ్ డే పెట్టాను టీచర్ గారూ. మీరొస్తున్నారని."

వెనక పెరడులోకి తెరుచుకునే అద్దాల తలుపు దగ్గరికి వెళ్ళి చూశాను. మంచు సగం కరిగింది. కంచె పక్కన మిగిలిన మంచు మీద ఉడత కాళ్ళ గుర్తులు తప్ప మరేమీ లేవు.

"బయట లేదే?"

"వాకింగ్‌కి వెళ్ళింది," అంది ప్రేమజ్యోతి వెనక నుంచి.

"ఎవరితో?"

"పక్కింటివాళ్ళ పిల్లాడు తీసుకెళ్ళాడు."

పక్కింట్లో ఉండేది డెబ్భై ఏళ్ళ ముసలి దంపతులని, పిల్లల్లేరని జనవరిలో ఆమే నాకు చెప్పింది. నేను వచ్చి కుర్చీలో కూర్చున్నాను.

పదకొండేళ్ళుగా పన్నెండేళ్ళ పిల్లలకు పాఠం చెబుతున్నాను. అబద్ధం చెప్పిన పిల్లల్ని నేను వెంటనే ఆపను. గట్టిగా అడిగితే మొదటి అబద్ధానికి కాపలాగా రెండోది వస్తుంది. ఊరికే కూర్చుంటే, ఎదుటివాళ్ళకే ఆ మాట బరువెక్కుతుంది. బల్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను. పలావు మీంచి ఆవిరి తగ్గిపోతోంది.

"చెప్పెయ్యి ప్రేమా," అన్నారు దైవాశీర్వాదం గారు.

"నేనా? మీరు చెప్పండి. తీసుకెళ్ళింది మీరు."

"తీసుకెళ్ళమన్నది ఎవరు?"

"నేనేం షెల్టర్‌కి తీసుకెళ్ళమనలేదే! ఏదో ఒకటి చెయ్యండి అన్నాను."

షెల్టర్ అనే మాట అలా, వాళ్ళిద్దరి వాదనలోంచి జారి బల్ల మీద పడింది. ఇద్దరూ ఆగిపోయారు.

"ఏ షెల్టర్?" అన్నాను.

దైవాశీర్వాదం గారు టై ముడి వదులు చేసుకున్నారు. "కౌంటీ షెల్టర్ టీచర్ గారూ. ఇక్కడికి ఇరవై అయిదు నిమిషాలు. శుభ్రంగానే ఉంది. నేను లోపలికెళ్ళి చూశాను."

"ఎప్పుడు?"

"కిందటి శుక్రవారం. లంచ్ టైంలో."

కిందటి శుక్రవారం రాత్రి నేను ఫోన్ చేశాను. ప్రతి శుక్రవారం చేసినట్టే. పిడుగు ఎలా ఉందని అడిగాను. బ్రహ్మాండంగా ఉందక్కా అని ప్రేమజ్యోతి చెప్పింది.

ఆ సంగతి నేను పైకి అనలేదు. ఆమెకే గుర్తొచ్చినట్టుంది. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏం జరిగిందో మొదటినుంచి చెప్పండి," అన్నాను.

చెప్పారు. ఒకరి మాట ఒకరు సరిదిద్దుకుంటూ చెప్పారు. మొదటి వారం బాగానే ఉందట. రెండో వారం పగలంతా ఒంటరిగా ఉండి సోఫా చేతులు కొరికేసింది. బేస్‌మెంట్‌లో పెడితే మెట్ల తలుపు కింది చెక్కను గోళ్ళతో గీకి గీకి కన్నం పెట్టింది. పెరట్లో కట్టేస్తే ఆ పక్కవాళ్ళు అరుపులకు కంప్లెయింట్ ఇచ్చారు. ఆఫీసునుంచి వచ్చాక వాకింగ్‌కి తీసుకెళితే దైవాశీర్వాదం గారిని రెండుసార్లు మంచులో పడేసింది.

"రెండుసార్లు కాదు, మూడుసార్లు," అంది ప్రేమజ్యోతి. "మూడోసారి నడుం పట్టేసి ఆదివారం ఆరాధనలో నిలబడలేకపోయారు. పాస్టరు గారు అడిగితే గరాజ్‌లో జారిపడ్డానన్నారు."

"ఆ సంగతి ఇప్పుడెందుకు?"

"చెప్పమంటున్నారు కదా, అంతా చెబుతున్నా." నా వైపు తిరిగింది. "ఇరవై ఏడో తేదీన, అక్కా, రేణు స్కూల్‌బస్ దిగి వస్తుంటే దానికి సంతోషం ఆగక గొలుసు తెంపుకుని వెళ్ళి పిల్ల మీదకి దూకింది. కరవలేదు. అబద్ధం చెప్పకూడదు, కరవలేదు. కానీ పిల్ల డ్రైవ్‌వే మీద బోర్లా పడింది. గడ్డం మీద రెండు కుట్లు."

రేణు వాళ్ళమ్మాయి. ఎనిమిదేళ్ళు.

"ఇప్పుడెలా ఉంది?"

"బాగానే ఉంది. పియానో క్లాసుకి వెళ్ళింది. రోజూ ఏడుపు. కుట్ల కోసం కాదు. పిడుగు ఎక్కడ, పిడుగు ఎక్కడ అని."

ఆ పిల్లకేం చెప్పారని నేను అడగలేదు.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను. "మొదటి వారమే చెప్పి ఉంటే నేను వచ్చి తీసుకెళ్ళేదాన్ని."

"తీసుకెళ్ళి ఎక్కడ పెడతారండీ?" అన్నారు దైవాశీర్వాదం గారు మెల్లగా.

"అది నా బాధ. మిమ్మల్ని ఎవరు తీసుకోమన్నారు?"

"ఎవరూ అనలేదు. అదే కదా వచ్చిన చిక్కు." ఆయన లేచి నిలబడి మళ్ళీ కూర్చున్నారు. "మా ఇల్లు. మా హాల్లో పదహారుమంది మోకాళ్ళ మీద ఉన్నారు. పాస్టరు గారు అంత వేడుకోలుగా ప్రార్థన చేశారు. ఆమేన్ అన్నాక ఒక్కరూ తలెత్తరే! అందరూ కార్పెట్ చూస్తున్నారు. మీరేమో ఆ మూల కుర్చీలో... ఇంటివాణ్ణి నేను. ఎవరో ఒకరు అనాలి కదండీ. అనేశాను."

"కుక్కంటే ఇష్టమేనా మీకు?"

ఆయన ఇబ్బందిగా నవ్వారు. "చిన్నప్పుడు తెనాల్లో ఒకటి కరిచింది. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు."

నాకు నవ్వు రావలసిన మాటే. మా వారు ఉంటే పగలబడి నవ్వేవారు.

"పోనీ, నేను ఫోన్ చేసినప్పుడైనా..."

"ఎలా చెప్పమంటారక్కా?" ప్రేమజ్యోతి గొంతు హఠాత్తుగా పెరిగింది. "మీరు ఫోన్ చేసి పిడుగు ఎలా ఉందని అడుగుతుంటే, పోయిన బావగారు ఎలా ఉన్నారని అడుగుతున్నట్టు ఉండేది నాకు. ఏమని చెప్పను? బాలేదని చెప్పనా? నా వల్ల కాలేదు. ప్రతి శుక్రవారం ఫోన్ మోగితే నాకు గుండె దడ. ఈయన్ని తియ్యమంటే బాత్రూంలోకి వెళ్ళిపోయేవారు."

"అంటే తప్పు నేను ఫోన్ చెయ్యడంలో ఉందా?"

"అలా అనలేదు."

"మీరిద్దరూ నాతో అబద్ధం చెప్పారు. నాలుగు శుక్రవారాలు. నేను దాన్ని నమ్ముకుని హెలెన్ గారికి మాట ఇచ్చాను. ఆవిడ రేపు మధ్యాహ్నం దాకా గేటు దగ్గర ఎదురుచూస్తారు." నా గొంతు పెరగలేదు. క్లాసులో కూడా పెరగదు. నా గొంతు ఎంత మామూలుగా ఉంటే పిల్లలకు అంత భయమని వాళ్ళే చెబుతారు. "మీకు చేతకానప్పుడు చేతకాదని ఒక్క మాట చాలు. అందుకు ధైర్యం కూడా అక్కర్లేదు."

ప్రేమజ్యోతి ముఖం ఎర్రబడింది.

"మీకు కోపం వస్తే వచ్చింది, ఒకటి అడుగుతానక్కా. జనవరి నుంచి ఒక్కసారైనా వచ్చి చూశారా దాన్ని? పిస్కాటవే ఎంత దూరం? నలభై నిమిషాలు. రేణు పుట్టినరోజుకి పిలిచాను, రాలేదు. ఆదివారం ఆరాధనకి మా ఇంటి మీదుగానే వెళతారు, కారు ఆపలేదు. అంత ప్రేమ ఉన్న కుక్కని ఒక్కసారి చూడాలనిపించలేదా?"

"ప్రేమా!" అన్నారు దైవాశీర్వాదం గారు.

"ఉండండి మీరు. అడగనివ్వండి."

"వచ్చి చూస్తే మిమ్మల్ని అనుమానించినట్టు ఉంటుందని రాలేదు," అన్నాను.

"అందుకేనా?"

ఆమె అలా అడగకుండా ఉండవలసింది. అడిగింది కాబట్టి ఆ గదిలో చెప్పలేని జవాబు ఇక్కడ రాస్తున్నాను.

అందుకు కాదు. ఆయన పోయిన మర్నాడు ఇంటినిండా జనం ఉన్నారు. తలుపు తీసినప్పుడల్లా పిడుగు పరిగెత్తుకు వెళ్ళి వచ్చినవాళ్ళ మీద దూకి, తోక ఊపి, వాళ్ళ చేతులు నాకింది. వచ్చినవాళ్ళు ఏడుస్తుంటే అది ఆడుకుంది. మూడోరోజు పక్కింటాయన దాన్ని పార్కుకు తీసుకెళితే ఆయనతో అంతే ఉత్సాహంగా పరిగెత్తి వచ్చి, గిన్నెడు నీళ్ళు తాగి, పడుకుని నిద్రపోయింది. కుక్కలు ఎదురుచూస్తాయంటారు. గుమ్మంలో కూర్చుంటాయంటారు. అది ఒక్కరోజు కూడా కూర్చోలేదు. రెండు నెలలు ఆయన పక్కన పరిగెత్తి, మూడు రోజుల్లో మరొకరి పక్కన పరిగెత్తగలిగింది. అందుకు దాన్ని నేను క్షమించలేకపోయాను. అపార్ట్‌మెంటు రూలు నిజమే. కానీ ఆ రూలు చదివినప్పుడు నాకు బాధ కలగలేదు.

హెలెన్ గారి గేటు దగ్గర నిలబడ్డాకే తెలిసింది, అది చెయ్యగలిగిందల్లా పరుగేనని. ఆయన దానికి ఇచ్చింది కూడా అదేనని. ఆ గొర్రెల మధ్య దాన్ని వదిలి, ఒక్కసారి అలా పరిగెత్తుతుంటే చూసి వచ్చేస్తే, ఆయన వదిలి వెళ్ళిన పనుల్లో ఒక్కటైనా పూర్తిచేసిన దాన్ని అవుతాను అనుకున్నాను.

"అందుకే," అన్నాను ప్రేమజ్యోతితో. ఆ గదిలో అబద్ధం ఆడినవాళ్ళం అప్పటికి ముగ్గురం.

దైవాశీర్వాదం గారి వైపు తిరిగాను. "షెల్టర్‌లో ఏమని చెప్పారు? నా పేరు చెప్పారా?"

"లేదండీ."

"మీ పేరు?"

ఆయన తల వంచుకున్నారు. "రోడ్డు మీద దొరికిందని చెప్పాను. మా కుక్క అంటే ఫారం నింపాలి. ఎందుకు వదిలేస్తున్నారో కారణం రాయాలి. సంతకం పెట్టాలి. మనవాళ్ళలో ఇద్దరు కుక్కల్ని చూపించడానికి అక్కడికి పిల్లల్ని తీసుకెళుతుంటారు, రిజిస్టర్‌లో నా పేరు చూస్తే... ఎందుకొచ్చిన గొడవని, మెడలో పట్టీ తీసేశాను. దొరికిన కుక్కల్ని ఏడు రోజులు ఉంచుతారట. ఈలోగా ఎవరైనా పెంచుకుంటారులే అనుకున్నాను."

"ఏడు రోజులు."

"అవునండీ."

"కిందటి శుక్రవారం నుంచి."

ఆయన వేళ్ళ మీద లెక్క మొదలుపెట్టి, మధ్యలో ఆపేశారు. గోడ మీద గడియారం నాలుగు కావడానికి పది నిమిషాలు చూపిస్తోంది.

వంటింటి గోడకున్న ఫోను దగ్గరికి నేను ఎలా వెళ్ళానో గుర్తులేదు. ఫోన్ పుస్తకంలో నంబరు ప్రేమజ్యోతి వెతికి పెట్టింది. నేను ఒక్క అంకె తప్పకుండా నొక్కాను. ఆసుపత్రిలో కాగితాల మీద కూడా నా సంతకం వంకర పోలేదు.

అవతల ఒక అమ్మాయి ఎత్తింది. పేరు టెరీ అని చెప్పింది. గొంతును బట్టి కాలేజీ వయసు ఉంటుంది. వెనకాల కుక్కల అరుపులు వినిపిస్తున్నాయి. ఆ అరుపుల్లో ఒక దాన్ని గుర్తుపట్టాలని ప్రయత్నించాను. కుదరలేదు. ఆనవాళ్ళు చెప్పాను.

"నలుపు తెలుపు, ఒక చెవి వాలింది, మగది. ఉందండీ," అంది టెరీ. "పద్నాలుగో బోనులో. హుషారైన కుక్క. వారం రోజులుగా మమ్మల్ని నిద్రపోనివ్వలేదు." ఆమె నవ్వి, ఏదో కాగితం తిప్పి, నవ్వు ఆపేసింది. "ఇవాళ నాలుగున్నరకి డాక్టర్ వస్తారు. ఆయన లిస్టులో ఉంది."

ఏడు రోజులు దాటిన కుక్కకు ఆ డాక్టరు ఇచ్చేది ప్రాణం తీసే ఇంజెక్షను. ఆ మాట ఆమె అననక్కర్లేకపోయింది.

"నేను వచ్చి తీసుకుంటాను. ఇప్పుడే బయలుదేరుతున్నాను."

"పెంచుకోవడానికి ఇవ్వడానికి వీల్లేదండీ. తెచ్చినాయన్ని మేం అడిగాం, పిల్లల దగ్గర ఉంచొచ్చా అని. వద్దన్నారు. దాంతో కార్డు మీద ఎర్ర గీత పెట్టేశారు. ఓనర్ వస్తే ఓనర్‌కి మాత్రం ఇస్తాం."

నేను దైవాశీర్వాదం గారి వైపు చూశాను. ఆయనకు అవతలి మాటలు వినబడటం లేదు. అయినా గోడకు ఆనుకుని నిలబడ్డారు.

"ఓనర్ని నేనే."

"కుక్క లైసెన్సు నంబరు ఉందా?"

నేను మెడ చూపించి సైగ చేస్తే దైవాశీర్వాదం గారు సొరుగులోంచి మెడపట్టీ తెచ్చి ఇచ్చారు. దానికి వేలాడుతున్న బిళ్ళ మీద అంకెలు చదివాను. పిస్కాటవే టౌన్‌షిప్ ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కుంటానని, లైనులో ఉండమని టెరీ అంది. ఉన్నాను. ఆ అయిదు నిమిషాలూ ప్రేమజ్యోతి నా భుజం పక్కనే నిలబడింది. ఒకసారి చెయ్యి వెయ్యబోయి మానుకుంది.

"మేడమ్?" టెరీ మళ్ళీ వచ్చింది. "మీ పేరు లూసీ కంచర్ల అన్నారు కదా. లైసెన్సు సత్యానందం మేకల పేరు మీద ఉంది."

"ఆయన నా భర్త."

"ఇంటిపేర్లు వేరుగా ఉన్నాయి?"

నా డిగ్రీ కాగితాలన్నీ మా నాన్నగారి ఇంటిపేరుతో ఉన్నాయని, ఆ కాగితాలతోనే పాస్‌పోర్టు, ఆ పాస్‌పోర్టుతోనే టీచరు ఉద్యోగం వచ్చాయని చెప్పాను. తరవాత మార్చుకుందామని అనుకుంటూ ఇద్దరం పదిహేనేళ్ళు వాయిదా వేశామని మాత్రం చెప్పలేదు. మనవాళ్ళలో సగం ఇళ్ళలో ఇదే తంతు. ఎప్పుడూ ఏ ఇబ్బందీ రాలేదు.

ఆ అమ్మాయి ఓపికగా విన్నది. చెడ్డపిల్ల కాదు.

"నేను నమ్ముతున్నానండీ. కానీ పోయిన నెల ఒకావిడ భార్యనని చెప్పి ఇంకొకరి కుక్కను పట్టుకుపోయింది. అప్పటినుంచి లైసెన్సులో ఉన్న పేరు గల మనిషే రావాలని సూపర్‌వైజర్ రూల్ పెట్టారు. మీవారిని డ్రైవింగ్ లైసెన్సుతో వచ్చి ఒక్క సంతకం పెట్టమనండి, అయిపోతుంది."

ఫోను తీగను వేలికి చుట్టుకున్నాను.

"ఆయన రాలేని పరిస్థితా?"

"రాలేకపోతే ఏం చెయ్యాలి?"

"నోటరీ చేయించిన కాగితం కావాలి. అది సూపర్‌వైజర్ చూడాలి. ఆవిడ సోమవారం గానీ రారు."

"సోమవారం."

"సారీ మేడమ్. డాక్టర్ని ఆపే అధికారం నాకు లేదు." ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "ఒక్కటే ఉంది. ఓనర్ దారిలో ఉన్నారని రాసుకుంటే, ఐదింటికి మూసేదాకా ఆగొచ్చు. ఆ మాట రాసి నేను సంతకం పెడతాను. మీవారు దారిలో ఉన్నారా?"

అక్టోబరు నుంచి నాకు తెలిసినవాళ్ళందరికీ ఆ వార్త మరొకరు చెప్పారు. స్కూల్లో ప్రిన్సిపాల్ చెప్పారు, సంఘంలో పాస్టరు గారు చెప్పారు, బ్యాంకుకు, ఆయన ఆఫీసుకు వకీలు ఉత్తరాలు రాశాడు. మొదటిసారిగా ఒక మనిషి నన్ను నేరుగా అడుగుతోంది. నిజం చెబితే ఆ అమ్మాయి నిజంగా బాధపడుతుంది. బాధపడి, సోమవారం రమ్మంటుంది.

అరగంట కిందట ఇదే ఇంట్లో ఇద్దరు మనుషులకు అబద్ధం గురించి పాఠం చెప్పాను.

"అవును," అన్నాను. "బయలుదేరారు."

"హమ్మయ్య! అయిదు దాటనివ్వకండి మరి," అంది టెరీ.

ఫోను పెట్టేశాను. నాలుగు దాటి ఏడు నిమిషాలు. దారి ఇరవై అయిదు నిమిషాలు. మా వారి డ్రైవింగ్ లైసెన్సు నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. ఈ రాష్ట్రంలో చాలామందికి ఇచ్చేలాగే ఫొటో లేని కాగితం ముక్క. పేరు, వయసు, ఎత్తు, కళ్ళ రంగు. అక్టోబరులో ఎవరూ దాన్ని వెనక్కి ఇమ్మని అడగలేదు.

నేను ఇంగ్లీషులో అన్న చివరి మాటలు విని దైవాశీర్వాదం గారు అప్పటికే కోటు ఒక చేతికి తొడుక్కున్నారు. రెండో చేతికి తొడుక్కుంటూ ఆగిపోయారు.

"ఆయన పేరుతో వెళ్ళడానికి నేను పనికిరాను టీచర్ గారూ," అన్నారు. "మీరు ఫోన్లో టెరీ అన్నారు కదా, కిందటి శుక్రవారం బల్ల దగ్గర ఉన్నది ఆ అమ్మాయే. పావుగంట నా ఎదురుగా కూర్చుని ఫారం నింపింది. నా మొహం మరిచిపోదు."

బయట నా కారు తప్ప వీధిలో మరేదీ లేదు. ఆఫీసులు వదలని వేళ. చుట్టుపక్కల ఏ ఇంట్లోనూ మగమనిషి ఉండడు.

"ఎవరు వస్తున్నారని చెప్పారక్కా?" అంది ప్రేమజ్యోతి.

"మీ బావగారు," అన్నాను.